నగావ్ దగ్గర ఆగిన బండి

నారాయణఖేడ్‌లో ఒట్టి దేవానందం అంటే ఏ దేవానందమో ఎవరికీ తెలియకపోవచ్చు. ఇరవై ఆరు దేవానందం అని అడగండి, బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్ళలో నలుగురు లేచి ఇల్లు చూపిస్తారు. దేశంలో ఉన్న ఇరవై ఎనిమిది రాష్ట్రాల్లో ఇరవై ఆరింట్లో లారీ తోలిన మనిషి మరి! ఎవరైనా మాటవరసకు మా తమ్ముడు పంజాబ్ పోయిండు అన్నారా, ఇక అయిపోయారన్నమాటే. పంజాబ్‌లో ఏ ఢాబాలో పప్పు చిక్కగా ఉంటుందో, ఏ చెక్‌పోస్టు దగ్గర ఎంతసేపు నిలబెడతారో, వినేవాడి చాయ్ చల్లారి మీగడ కట్టేదాకా చెప్పి గానీ వదలడు.

లెక్కకు ఆయనదో పద్ధతి ఉంది. బండిలో కూచుని దాటిపోతే రాష్ట్రం చూసినట్టు కాదు. బండి ఆపాలి, దిగాలి, అక్కడి నీళ్ళతో ముఖం కడుక్కోవాలి. అప్పుడే ఒకటి కింద జమ. ఇట్లా ముప్పై రెండేళ్ళలో ఇరవై ఆరు అయ్యాయి. త్రిపుర, మిజోరాం మాత్రం మిగిలిపోయాయి. అటు లోడు తగల్లేదు, అంతే.

యాభై ఎనిమిదో ఏట కంటి డాక్టరు పరీక్ష చేసి ఇక పెద్దబండి ముట్టవద్దన్నాడు. దేవానందం ఇంట్లో కూచున్నాడు. కూచోవడం చేతగాని మనిషి కూచుంటే ఇల్లు ఎట్లా ఉంటుందో ఇల్లాలినే అడగాలి. ఆయన భార్య హన్నమ్మ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. పొద్దున ఆమె బడికి బయలుదేరుతుంటే ఈయన గుమ్మంలో నిలబడి ఏ సందులోంచి పోతే దగ్గరో దారి చెప్పేవాడు. ఇరవై ఏళ్ళుగా నడిచే దారి అది!

కూతురు దీవెన సంగారెడ్డిలో నర్సు. నాయిన బాధ చూడలేక ఆ పిల్లే ఒక మాట అంది.

"ఆ రెండు రాష్ట్రాలు మేం సూపిస్తం నాయినా. అన్న కారు ఉండనే ఉండె. నేను లీవు పెడ్త."

కొడుకు పీటర్ పాత కారొకటి కొని బీదర్‌కూ జహీరాబాద్‌కూ కిరాయికి తిప్పుతుంటాడు. వాడూ సరేనన్నాడు. దేవానందం ముఖం చూడాలి అప్పుడు, పండుగే! ఆ పండుగ రెండు నిమిషాలు కూడా నిలవలేదు. రొట్టె చేస్తున్న హన్నమ్మ తల ఎత్తకుండానే అంది.

"నేను గూడ వస్త."

పక్కనున్న బీదర్‌కు రమ్మంటేనే కాళ్ళ నొప్పులనే మనిషి. పిల్లలు చప్పట్లు కొట్టారు. దేవానందం నవ్వాడు గానీ ఆమె వస్తే ఆయనకు భయం. ఎందుకంటే ఆ తూర్పు దారిలో అస్సాం ఉంది, అస్సాంలో నగావ్ ఉంది. అక్కడ ఆయన దాచిపెట్టిన అబద్ధం ఒకటి ఉంది.

ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. పాతికేళ్ళ కిందటి మాట. అప్పటికి వాళ్ళకు ఎస్తేరు అని నాలుగేళ్ళ బిడ్డ, చంకలో ఏడాది పీటర్. దేవానందం కందిపప్పు లోడుతో జహీరాబాద్ నుంచి దిమాపూర్ బయలుదేరాడు. వానాకాలం. నగావ్ దాటాక వరదకు ఒక వంతెన కొట్టుకుపోయి లారీలన్నీ వరసగా ఆగిపోయాయి. అదే వారంలో ఇక్కడ ఎస్తేరుకు జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో బిడ్డ పోయింది. హన్నమ్మ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు పరుగెత్తితే, బండి నగావ్ దగ్గర ఆగిందమ్మా అన్నారు. చదువురాని మనిషికి ఆ ఒక్క ఊరి పేరు మనసులో దిగబడిపోయింది. దేవానందం బిడ్డ పోయిన ఇరవై రెండో రోజున ఇల్లు చేరాడు. ఫోను లైన్లు పడిపోయినయి, దిమాపూర్‌ల లోడు దించినంకనే నాకు ఎర్కయింది అని చెప్పి, గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజం. చెప్పిన మాట అబద్ధం. మూడో రోజే ఆయనకు తెలుసు.

అటు తర్వాత ఎన్నిసార్లు అస్సాం పోయినా నగావ్ దగ్గర బండి ఆపలేదు. ఇంట్లో ఆ ఊరి పేరు ఎత్తలేదు.

నవంబరులో ఒక సోమవారం పొద్దున బయలుదేరారు. బడిలో వంటకు తన బదులు సాలమ్మను ఒప్పించింది హన్నమ్మ. పాస్టర్ సొలొమోను వచ్చి కారు మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు. ఇంజిన్‌నూ టైర్లనూ బ్రేకులనూ వేరువేరుగా దేవునికి అప్పగించేసరికి ఎండ నెత్తికెక్కింది. డిక్కీలో ఎండబెట్టిన జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం, రెండు దుప్పట్లు. పీటర్ స్టీరింగ్ పట్టాడు. పక్కసీట్లో దేవానందం కూచుని, లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నాడు.

"నాయినా, నీ కాలు కారు కింద బొక్క పెడతది" అని వెనకనుంచి దీవెన నవ్వింది.

హన్నమ్మకు అంతవరకు తెలిసినవి మూడే రాష్ట్రాలు. పుట్టింది తెలంగాణ. నాగల్‌గిద్ద పుట్టిల్లు గనక గట్టు దాటితే కర్ణాటక. ఒకసారి చుట్టాల పెళ్ళికి దెగ్లూరు పోయింది, అది మహారాష్ట్ర. ఇప్పుడు ఊరు దాటినకొద్దీ అన్నీ కొత్తే. చిన్నపిల్లలా అద్దానికి ముఖం ఆనించి అడుగుతూనే ఉంది.

"నాగపూర్‌ల ఏముంటది?"

"పెద్ద పార్కింగ్ ఉంటది. రెండొందల బండ్లు పడ్తయి."

"రాయపూర్‌ల?"

"కాంటా ఉంటది. బరువు మంచిగ సూపిస్తది."

పీటర్ నవ్వు ఆపుకోలేక కారు పక్కకు తీశాడు. సంబల్‌పూర్ దగ్గర దీవెన ఫోనులో చూసి హీరాకుడ్ డ్యాం దగ్గరికి తిప్పించింది. కళ్ళు ఆనినంతమేరా నీళ్ళు. హన్నమ్మ తల అటూ ఇటూ తిప్పి వాటి కొసలు వెతికింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఇగ పది సార్లన్న వచ్చి ఉంటవ్ గదా ఈడికి. ఇసొంటిది ఉన్నదని ఒక్కనాడన్న సెప్పినవా?"

"నేను సూడలే హన్నమ్మా."

"సూడక ఏం జేసినవ్?"

"రోడ్డు మీద పంచర్ దుకాణం ఉండె. మంచోడు, జల్దీ ఏసిస్తుండె."

అన్నాడే గానీ, ఆ మాట తన చెవికే ఏదోలా వినిపించింది. ఇరవై ఆరు రాష్ట్రాలు చూశానని ఊరంతా చెప్పుకున్నాడు. చూసింది ఇరవై ఆరు రాష్ట్రాల రోడ్డు. ముందుపోయే బండి వెనకభాగం, కిలోమీటరు రాళ్ళు, గోదాము గేట్లు. ఈ మాత్రం దానికా బిడ్డలు నడక నేర్చినప్పుడు లేకపోయింది, పండుగలకు లేకపోయింది, ఎస్తేరు పోయినప్పుడు లేకపోయింది? ఆ ఆలోచన వచ్చాక హన్నమ్మ ముఖం సూటిగా చూడలేకపోయాడు.

ఝార్ఖండ్ దాటారు, బెంగాల్ దాటారు. ఐదోనాడు గువాహటిలో లాడ్జి మెట్ల మీద నిలబడి దారి మాట్లాడుకుంటున్నారు. మిజోరాం వైపు పోవాలంటే రెండు దారులు. షిల్లాంగ్ మీదుగా ఒకటి, నగావ్ మీదుగా ఒకటి.

"షిల్లాంగ్ మీదికెల్లి పోదాం. మబ్బులు, గుట్టలు, మీ అమ్మకు మంచిగ కనబడ్తది" అన్నాడు దేవానందం, ముందే పాఠం చేసుకున్నట్టు.

"నగావ్ మీదికెల్లి పోదాం" అంది హన్నమ్మ.

పాతికేళ్ళ తర్వాత ఆ పేరు ఆమె నోట వినడం.

"గాడ ఏముందే? చెరువు నీళ్ళు, వరి పొలాలు."

"ఏమున్నదో నాకెందుకు? నా బిడ్డను మట్టి జేసిన దినం నువ్వు యాడున్నవో ఒక్కసారి సూడాలె. నేను ఇంటికాడికెల్లి ఎళ్ళింది గందుకే. మీ రాష్ట్రాలు నాకొద్దు."

అక్క ఫోటో గోడమీద చూడటం తప్ప పిల్లలకు తెలిసింది తక్కువ. పీటర్ తాళంచెవి తీసుకుని కారు వైపు నడిచాడు.

నగావ్ దాటాక ఓ గంట ప్రయాణం. దేవానందం గుర్తుపట్టనట్టు నటించి ముందుకు పోనివ్వచ్చు. రోడ్డు నాలుగు వరసలైంది, పాత వంతెన చోట కొత్తది లేచింది, ఎవరికి తెలుస్తుంది? కానీ అప్పట్లో బండి ఆగిన చెరువు కట్ట కనబడగానే ఆయనకే తెలియకుండా చెయ్యి లేచింది.

"ఆపు బిడ్డా."

దిగారు. కట్ట కింద ఇప్పుడో పెట్రోలు బంకు, నాలుగు దుకాణాలు. హన్నమ్మ కొంగు నడుముకు చుట్టుకుని చుట్టూ చూసింది. కోపంగా లేదు. ఎవరో పెద్దమనిషి ఇంటికి పరామర్శకు వచ్చినట్టు మెల్లగా అడిగింది.

"నీ బండి యాడుండె?"

"ఇగో ఈడ. మా ముంగట పంజాబోళ్ళ బండ్లు నాలుగు."

"యాడ పండుకున్నవ్?"

"క్యాబిన్‌ల. వాన జోరుగ కొడ్తుండె."

"ఏం తిన్నవ్?"

ఇక్కడే వచ్చింది చిక్కు. మనిషి డ్రైవరు గదా. చూసిన చోటు గురించి అడిగితే ఆగలేడు. ముప్పై రెండేళ్ళ అలవాటు, నోరు తనంతట తానే నడిచిపోతుంది.

"గా కట్ట మీద రాళ్ళు పెట్టి బువ్వ వండుకుంటుంటిమి. పప్పు ఉండనే ఉండె, బస్తా పలిగింది ఒకటి. నీళ్ళు గా బోరింగుల. ఇగ గా మూలకు ఎస్టీడీ ఫోన్ డబ్బా. గాడ ఇంత పెద్ద లైను. మూడో దినం పొద్దుగాల నేను లైన్ల నిలబడి..."

ఆగిపోయాడు.

హన్నమ్మ ఆ మూల వైపు చూసింది. అక్కడిప్పుడు చాయ్ దుకాణం ఉంది.

"లైన్లు పడిపోయినయన్నవ్ గదా" అంది.

తప్పించుకునే మాట ఒకటైనా దొరకలేదా అంటే, దొరికింది. దిమాపూర్‌లో కూడా అట్లాంటి డబ్బా ఉండె, కలిసిపోయింది అనొచ్చు. ఆమె నమ్మేది కూడా. కానీ ఐదు రోజులు కారులో కూచుని ఒళ్ళంతా వాచిపోయిన ఆ మనిషి, అంతదూరం ఎందుకు వచ్చిందో తెలిసి మరో అబద్ధం ఆడటానికి ఆయనకు నోరు రాలేదు.

"పడిపోలే హన్నమ్మా. ఆఫీసుకు ఫోన్ జేసిన. గుమస్తా ఎత్తిండు. నిన్న మట్టి జేసిండ్రు అన్నడు."

"అంటె మూడో దినమే నీకెర్క."

"ఎర్క."

"మల్ల ఇరవై రెండో దినం దాక యాడున్నవయ్యా?"

ఆయనకు లారీ నేర్పిన ఉస్తాదు కల్హేర్ హమీద్ చెప్పిన మాట ఒకటి ఉంది. లోడు మీదున్న బండి కడుపుతోటున్న మనిషి లెక్క, దించేదాక ఇడ్సి పోవద్దు అని. డ్రైవర్ల ధర్మం అది. సరుకు ముట్టినట్టు బిల్టీ కాగితం మీద సంతకం పడేవరకు బండిని వదలకూడదు. ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకున్న సమాధానం అదే. ఇప్పుడూ అదే చెప్పబోయాడు.

"లోడు బండి. ఇడ్సి రావద్దు గదా."

"నాగేశ్ ఉండె గదా నీ ఎంబటి. రెండో డ్రైవర్."

ఆమెకు అదీ గుర్తుంది! దేవానందం కట్ట మీద కూలబడ్డాడు.

"ఉండె. వాడే నన్ను పొమ్మన్నడు. అన్నా నువ్వు ఇంటికి పో, బండి నేను సూస్కుంట అన్నడు. ఎనకకు గువాహటి దాక రోడ్డు మంచిగనే ఉండె. బస్సెక్కిన, స్టేషన్ దాక పోయిన, టికెట్ తీసుకున్న. రైలు వచ్చి నా ముంగట ఆగింది. ఎక్కలే."

"ఎందుకు ఎక్కలే?"

"భయమైంది. ఇంట్ల అది లేదు. నాయినా ఏం తెచ్చినవ్ అని ఉరికొస్తుండె గదా, అది లేదు. నువ్వుంటవ్. నీ మొఖం ఎట్ల సూడాలె? కాళ్ళు లేవలేదు హన్నమ్మా. రైలు పోయింది. నేను మల్ల బండి కాడికొచ్చిన. ఎవ్వలడిగినా లోడు బండి ఇడ్వద్దు అని సెప్పిన. నాగేశ్‌కు గూడ గదే సెప్పిన."

పీటర్ ముఖం తిప్పుకున్నాడు. దీవెన తల్లి భుజం పట్టుకుంది. హన్నమ్మ ఆ చెయ్యి తీసేసింది. వంతెన కింద నీళ్ళ వైపు నడిచింది. నవంబరు కదా, నీళ్ళు మోకాళ్ళ లోతు కూడా లేవు. బాతులు ఈదుతున్నాయి.

"ఇరవై ఐదేండ్లు గీ నీళ్ళను తిట్టిన" అంది. "పొయ్యి కాడ తిట్టిన, కందిచేన్ల తిట్టిన, చర్చిల మోకాళ్ళ మీద గూసొని గూడ తిట్టిన. నా మొగన్ని రానియ్యని నీళ్ళు నాశనం గాను అని. పాపం, ఏ తప్పు లేని నీళ్ళు."

అంతే. కారులో కూచుంది.

తర్వాత రెండు రోజులు ఆమె దేవానందంతో ఒక్క మాట మాట్లాడలేదు. రొట్టె పెట్టింది, నీళ్ళ సీసా అందించింది, మాట మాత్రం లేదు. గుట్టల దారిలో హాఫ్లాంగ్ దాటారు, సిల్చర్‌లో పడుకున్నారు. తెల్లవారి పక్క గదిలో ఆమె దీవెనతో అంటున్నది గోడ అవతలనుంచి దేవానందానికి వినబడింది.

"మనం ఇంటికి పోయినంక నేను నాగల్‌గిద్దల మా అన్న తాన ఉంట."

"ఎన్ని దినాలమ్మా?"

"ఏమో."

ఆ "ఏమో" విని దేవానందం మంచం మీద లేచి కూచున్నాడు. హన్నమ్మ అలిగితే అరుస్తుంది, గిన్నెలు ఎత్తేస్తుంది, సాయంత్రానికి మర్చిపోతుంది. ఏమో అనే మనిషి కాదు. తను రోడ్ల మీద ఉన్న ముప్పై రెండేళ్ళూ ఆ ఇంట్లో దీపం పెట్టి కూచున్నది ఆమె. ఇప్పుడు తను ఇంట్లో కూచునే రోజులొస్తే ఆమె లేని ఇల్లా? ఆ రైలు ఎక్కనివాడికి ఇదే తగిన శాస్తి అనుకున్నాడు. అనుకున్నా భయం తగ్గలేదు.

ఆ రోజు త్రిపురలో కాలుపెట్టారు. హద్దు దాటగానే దీవెన గొంతు పెంచుకుని "ఇరవై ఏడు!" అని చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఒంటరిగానే మోగాయి. పీటర్ రోడ్డు పక్క బోరింగు దగ్గర కారు ఆపి దిగు నాయినా అన్నాడు. దేవానందం దిగాడు, బోరింగు కొట్టాడు, దోసిట్లో నీళ్ళు పట్టాడు. ముఖానికి చల్లుకోబుద్ధి కాలేదు. వేళ్ళ సందుల్లోంచి కారిపోనిచ్చి వచ్చి కూచున్నాడు. ధర్మనగర్‌లో అన్నం తిని, సాయంత్రానికి మళ్ళీ సిల్చర్‌కే తిరిగొచ్చారు.

మరుసటి రోజు మిజోరాం. దక్షిణంగా గంటన్నర పోయేసరికి వైరెంగ్టె గేటు. బయటి వాళ్ళు ఎవరైనా సరే, మనిషికొక అనుమతి కాగితం తీసుకుంటేనే లోపలికి. పీటర్ అందరి ఆధార్ కార్డులూ పట్టుకుని ఫారాలు నింపడానికి పోయాడు. అవతల గుట్టల మీద ఇళ్ళు, దూరంగా చర్చి గోపురం ఒకటి తెల్లగా. ముప్పై రెండేళ్ళుగా ఏ రాష్ట్రం కోసం ఎదురుచూశాడో అది యాభై అడుగుల దూరంలో ఉంది.

దేవానందం కారు దిగి, గేటు ఇవతల చాయ్ దుకాణం బల్లమీద కూచున్నాడు.

"పీటరూ, నా కాగితం రాయకు బిడ్డా. మీ ముగ్గురు పోయి సూసి రండ్రి. నేను ఈడనే ఉంట."

"ఏంది నాయినా! ఇంత దూరం వచ్చి?"

"ఇరవై ఆరు సాలు నాకు."

"కోపం జేస్తున్నవా ఎవ్వల మీదన్న?"

"నా మీద నేను జేస్తున్న. రాయకన్న గదా, రాయకు."

దీవెన బతిమాలింది. ఫలితం లేదు. ఆయన నిజంగానే ఆ బల్లకు అతుక్కుపోయాడు. ముప్పై రెండేళ్ళ ఆశను తన చేత్తోనే తీసి అవతల పెడితే, చేసిన తప్పులో పిసరంతైనా తీరుతుందేమో అనుకున్నాడు.

కారు తలుపు తెరుచుకుంది. హన్నమ్మ దిగింది. వాచిన కాళ్ళతో మెల్లగా నడిచి వచ్చి బల్ల ముందు నిలబడింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి మొగుడితో మాట్లాడింది.

"నువ్వు జేసింది నేను మాఫ్ జెయ్యలే. ఎన్నడు జేస్తనో గూడ నాకు ఎర్కలే."

"సెయ్యకు హన్నమ్మా. నేను అడుగుత గూడ లేను. మీరు పోండ్రి."

"గీన్ని సంకనేసుకొని" అంటూ ఫారాలు పట్టుకున్న పీటర్ వైపు చెయ్యి చూపించింది. "గీన్ని సంకనేసుకొని ఆ దినం బిడ్డను మట్టి జెయ్య బొందలగడ్డకు ఒక్కదాన్నే నడిసిన. ఇప్పుడు గీ గేటు గూడ ఒక్కదాన్నే దాటమంటవా?"

దేవానందం బల్లమీంచి లేచాడు.